ఏ వరసలో పడింది?

ఏప్రిల్ సగం దాటితే ఇసకపల్లి ఒడ్డున
బోట్లు ఇసుకలో ఒత్తిగిలి పడుకుంటాయి.
రెండు నెలలు సముద్రానికి సెలవు.
ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాకు, అంటే నాకు,
చల్లారిన మోటారుకు కాపలా తప్ప పని లేదు.

నెల్లూరు ట్రంకురోడ్డులో పాత పుస్తకాల బండి మీద
పదిహేను రూపాయలకు దొరికిందొక పల్చటి ఇంగ్లీషు పుస్తకం.
అమెరికావాడెవరో రాసింది:
ముసలి జాలరి, పెద్ద చేప, బోలెడు నీళ్లు.
వాక్యం వాక్యం తెలుగు చేసి నేను చెబుతుంటే
కాటంగారి ఆర్ముగం వల బాగుచేసుకుంటూ వింటాడు.
ఊఁ కొట్టడు.
సూది మాత్రం ఒక్కో కన్నూ దాటుకుంటూ పోతుంది.

ముక్కు కత్తిలా పొడుచుకొచ్చిన చేప, అని నేను తడుముకుంటే
"కొమ్ముకోనాం అనబ్బయా, దానికింత తిప్పలెందుకు?"

"ఒక్కడే పోయినాడా?"
ఒక్కడే.
"తెప్ప మీదైనా ఇద్దరం పోతాం గదా.
తిట్టుకోవడానికన్నా ఇంకోడు ఉండాల."
పెళ్లాం?
లేదు. చనిపోయినట్టుంది.
"మరి చేప ఒడ్డుకొస్తే పాట ఎవురు పెడతారు? గంప ఎవురు మోస్తారు?"
వెనకాల ఎండుచేపలు తిరగేస్తున్న కన్నెమ్మ
ఫక్కున నవ్వింది.
మొత్తం పుస్తకం మీద ఆమె అభిప్రాయం అదే.

సొరలొచ్చి పడవకు కట్టిన చేపను
కొరుక్కు తినే చోట నా గొంతు బరువెక్కింది.
బాగా చదువుతున్నాననే అనుకున్నాను.
ఆర్ముగం సూది ఆపాడు.
"సొరలా? ఎన్ని?"
చాలా.
"అదృష్టవంతుడు.
మా చిన్నకోడలు కానుపైనప్పుడు
సొరపుట్టు చేసి పెడదామని నాలుగు పాలేలు తిరిగినా
అరకిలో దొరకలా. పాలు పడాలంటే అదే గదా మందు.
ఆయన కాడికి అవే నడిచొస్తే
పొడిచి నీళ్లలోనే పారేసినాడా!"

బరువెక్కిన గొంతు ఎక్కడ దించుకోవాలో తెలియక
మంచినీళ్లు తాగాను.

చాలాసేపటికి, ఎవరూ అడక్కుండానే:
"నా చేపల్ని తిన్న సొరకి దీపాలుండాయి.
దక్షిణం నించి వచ్చే సోనా బోటు.
తెల్లారుజామున మూడింటికి వల మీదనే పోయింది.
అరిచినాం. టార్చి ఊపినాం.
పొద్దున తాడు లాగితే రెండు బెండ్లు వచ్చినాయి,
ఒక పండుగప్ప తల వచ్చింది.
నేనూ తెచ్చినా ఆ తలకాయని ఒడ్డుకి.
ఎవురూ కొలవలా."

ఆ ఏడు ఆయన అర్జీ రాసిపెట్టింది నేనే.
నష్టం అన్న గడిలో అంకె వేశాను.
తల సంగతి రాయలేదు.
రాయడానికి గడి లేదు.

చీకటి పడ్డాక కన్నెమ్మ వచ్చి
అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పి వెళ్లింది.
ఆర్ముగం కదల్లేదు.
"చివర వద్దు. మొదట చేప తగిలింది చూడు, ఆ కాడ చదువు."

చదివాను. లోపల ఎక్కడో, బాగా లోతున,
ఎరను ఏదో రవంత తాకి వదిలేయడం.
మళ్లీ తాకడం.
ఆయన చూపుడువేలు తనంతట తనే ముందుకొచ్చింది.
ఆ వేలు మడతలో నరం తాడు కోసిన గాడి,
నలభై ఏళ్లనాటిది, సన్నగా తెల్లగా.

"ఏ వరసలో పడింది?"

ఆయనకు అక్షరాలు రావు.
పేజీ ఆయన వైపు తిప్పి చూపించాను, పైనుంచి ఏడో వరస.
ఆ వరస మీద వేలు ఆనించాడు.
నొక్కలేదు. ఆనించాడంతే.
"ఉండు" అన్నాడు, నాతోనో, ఇంకెవరితోనో.
"ఇప్పుడే లాగొద్దు."

అప్పుడే కరెంటు పోయింది.
సరుగుడు తోపు అవతల సముద్రం ఉన్నట్టుండి దగ్గరికొచ్చింది.
నా చేతుల్లో పుస్తకం ఒకవైపు
కొంచెం బరువుగానే ఉంది.