రెండో భాగం

శుక్రవారం సంత, అల్ రాయ్‌లో.
పాత తివాచీల పక్కన పుస్తకాల కుప్ప.
దానా మోకాళ్ళ మీద కూచోని ఏరతాది,
నేను సంచి పట్టుకోని ఎండకు అడ్డం నిలబడతా.

"ఇది వద్దు ఓబుళమ్మా, వాడొచ్చేదాకా
ఈ పిల్ల బురుజులోనే కూచుంటాది."
"ఇది కత్తి దూస్తాది గానీ, పెండ్లి అనంగానే
ఆ కత్తి యాడ పెట్టిందో
రాసినోడే మరిచిపోయినాడు."
పదకొండేండ్లది,
చెనిక్కాయల్లో పుచ్చులేరినట్టు ఏరతాది.

నాకా అచ్చరాలు రావు. అట్టల మీద కాళ్ళు చూస్తా.
చెప్పులేసుకున్న దాన్ని తీసిస్తా:
నడిచే పనుంటేనే గదా చెప్పులు.

అట్ల దొరికింది.
చెవి తెగిన ఆడమనిషి,
ఇసుకపాము మీద సవారీ,
మడమలరిగిన మొద్దు బూట్లు.
అర దీనారన్నాడు, పావుకు దించినా.

రాత్రి నేను ఇస్త్రీ చేస్తాంటే చదివి చెప్పింది,
సగం అరబ్బీ, సగం నేను నేర్పిన తెలుగు.
కొలువుకొచ్చినోళ్ళ పేర్లన్నీ
ఆ రాజు పెట్టెలో పెట్టి తాళమేస్తాడంట.
పేరు లేకుండా కోట దాటినోళ్ళు
ఇసుకై రాలిపోతారంట.

ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకున్నా.
వాళ్ళ నాయన బీరువా, కింది అర,
నా పాస్‌పోర్టు.
అదేం చెప్పలే.
"తాళంచెవి యాడుందంట?" అని మాత్రం అడిగినా.

తిప్పింది, తిప్పింది. అట్ట వచ్చేసింది.
"రెండో భాగంలో అంట."

మూడు శుక్రవారాలాయె.
రెండంకె నాకు తెలుసు,
వాళ్ళ తీరుదీ, ఇంగ్లీషుదీ.
ఇప్పుడు కుప్ప ముందర నేను కూచుంటా.
సంచి దానా పట్టుకుంటాది.