పదకొండో మీటరు

టెయిలింగ్స్ చెరువు మీద డ్రిల్లు దిగింది.
మార్చి నెల, మైనస్ ఇరవై రెండు.
చెరువంటే నీళ్ళనుకునేరు.
నలభై ఏళ్ళ పిండి అది.
కొండను నూరి, రాగిని ఉంచుకుని
ఇక నీతో పని లేదని పైపులో సాగనంపిన పిండి.
వసంతంలో గాలి లేస్తే
మా ఊరి కిటికీలన్నిటికీ పౌడరు రాస్తుంది.

నా ఉద్యోగం, పారేసినదాన్ని మళ్ళీ పలకరించడం.
మీటరుకో సంచి,
సంచి మీద నంబరు, తేదీ, నా పొడి అక్షరాలు.
ఆరబెట్టి, ఉండలు చిదిమి, జల్లెడ పట్టి
ఆమ్లంలో కరిగించి
నీ దగ్గరెంత దాచుకున్నావని అడగడం.

తొమ్మిదో మీటరు, వందకి సున్నా పాయింట్ సున్నా తొమ్మిది.
పదోది, అదే.
పదకొండు:
సున్నా పాయింట్ మూడు ఒకటి.

మళ్ళీ తూచాను.
ఆమ్లం సీసా మార్చాను.
నంబర్లు తారుమారు చేసి, ఏది ఏదో చెప్పకుండా
సొలోంగో చేత చేయించాను.
అంకె కదల్లేదు.
పక్క బోరులోనూ ఆ లోతున అదే చార.

మా నాయనమ్మ ఫ్లొటేషన్ అనే మాట వినకుండానే పోయింది.
కానీ యాక్ పాలను వెడల్పాటి మూకుట్లో
పిడకల సెగ మీద పెట్టి
గరిటెతో ఎత్తి ఎత్తి పోసేది, నురగ లేచేదాకా.
రాత్రంతా కదపకుండా వదిలేస్తే
తెల్లారేసరికి వేలు మందం మీగడ.

ప్లాంటులో చేసేదీ అంతే.
గ్జాంతేట్ చుక్క, రాగి రేణువుకో నూనె చొక్కా తొడుగుతుంది.
ఇక దానికి నీళ్ళంటే గిట్టదు,
ఎదురైన బుడగ మెడ పట్టుకుని పైకొచ్చేస్తుంది.
చొక్కా లేని ఇసుక అడుక్కి.
మీగడ మనకి,
మజ్జిగ చెరువుకి.

మరి ఈ మజ్జిగలోకి ఇంత మీగడ ఎవరు వదిలారు?

నాన్న ఇరవై ఆరేళ్ళు ఆ తొట్ల దగ్గరే నిలబడ్డాడు.
నాలుగో అంతస్తులో, ఉప్పు టీ ముందు
కాగితం పెట్టాను.
దామ్దిన్‌జావ్ గారు కళ్ళజోడు వెతుక్కుని
ఏడాదికి ఎంత మందం పోసేవాళ్ళో
వేళ్ళ మీద వెనక్కి లెక్కేసుకుని
చిటికెన వేలు దగ్గర ఆగాడు.

"రైళ్ళు రాని చలికాలం ఇది."

సరిహద్దు అవతల ఒక దేశం పేరు మారుతోందట.
గ్జాంతేట్ పీపాలు ఏ స్టేషన్లో నిలిచిపోయాయో
చెప్పే నాథుడు లేడు.
ఇక్కడున్నది పీపాన్నర.
పాలు తక్కువైన ఇంట్లో చుట్టాలకి టీ పెట్టినట్టు
చుక్కలు లెక్కపెట్టి పోశారట.
నురగ పలచనై, బూడిదరంగుకి తిరిగి
బుడగలు వట్టి చేతులతో పైకొచ్చేవట.

"మిల్లు ఆపెయ్యాల్సింది కదా."
నా గొంతు నాకే ఆడిట్ గుమాస్తాలా వినబడింది.

నాన్న కిటికీ కింది రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించాడు.
"మిల్లు ఆగితే నీళ్ళాగుతాయి.
మైనస్ ముప్పై ఎనిమిదిలో ఒక్క రాత్రి నీళ్ళాగితే
గొట్టాలు పగుల్తాయి.
ఊరి వేడీ మా వేడీ ఒకే గొట్టంలో ఉండేవి.
నీకప్పుడు ఏడో నెల."

కాసేపటికి,
"తెలిసే పారబోశాం.
లాగ్ పుస్తకంలో మాత్రం
అన్ని రాత్రులూ 'సాధారణం' అని రాశాం.
వెతికినా దొరకదు."

మర్నాడు పదకొండో సంచి విప్పాను.
కిలో మట్టి. తుప్పు వదిలేలా కాస్త నూరి
సల్ఫైడ్ పట్టించి, గ్జాంతేట్ వేసి,
చెయ్యి ఎందుకో ఒక చుక్క ఎక్కువే వేసింది,
గాలి తిప్పాను.
ఒక నిమిషం ఏమీ లేదు.
తర్వాత, చింతపండేసి తోముతున్న ఇత్తడి చెంబులా
నురగ అంచున మెరుపు.

నివేదికలో 'కారణం' అనే గడి ఉంది.
'రసాయనం కొరత' అని రాశాను.
అబద్ధం కాదు.
గడి కూడా చిన్నదే.

"ఎంత తిరిగొచ్చింది?" ఫోనులో నాన్న.
"వందకి అరవై ఒకటి."
"మిగతాది?"
"ఇక రాదు. తుప్పయిపోయింది."

రేడియోలో ఎవరో వాతావరణం చదువుతున్నారు.
"ఉండనీలే," అన్నాడు,
"అది మనం వాడేసుకున్నాం."