పదిహేడో నంబరు, వెనక

రాజులంటే నాకు పెద్ద మోజు లేదు.
టంగుటూరు రైలుగేటు కాడ మా ఇంట్లో
ఒక చెప్పుల పెట్టె నిండా పడుకోనుంటారు వాళ్ళు,
రాజులు, రాణులు, ఓడ కెప్టెన్లు,
కిరీటం పోయాక మెడ కూడా పోయినవాళ్ళు.
ఒకప్పుడు సిగరెట్టు పెట్టె నలగకుండా
మధ్యలో పెట్టిన అట్టముక్కలు.
అగ్గిపెట్టె కంటే రవ్వంత పొడుగు.

చూడ్డానికొచ్చినోళ్ళు మొహాలే చూస్తారు.
ఈ గడ్డమాయన ఎవరు? ఈమె మెడలో అయ్యి ముత్యాలేనా?
నేను కాసేపు ఓపిక పట్టి
వాళ్ళ వేళ్ళ కింద నుంచి ఒక్కో రాజునీ తీసి
బోర్లా పడుకోబెడతాను.

అసలు సంగతి ఆడుంది.

ఆకుపచ్చ సిరా అయితే మొదటి అచ్చు.
గోధుమరంగు రెండోది.
ఏమీ లేకుండా తెల్లగా వదిలేసింది దొరికితే
ఆ రాత్రి నిద్రపట్టదు.
నంబరు పక్కన చుక్క ఉంటే ఒక ధర, లేకపోతే ఒక ధర.
చుక్క ఉన్న నలభై ఒకటి కోసం
గూడూరు దాకా రైల్లో నిలబడి పోయాను,
పాత సామాన్ల ఖాశింపీరా దగ్గరికి.
ఇంటికొచ్చి భూతద్దం పెడితే
అది ఈగ వేసిన చుక్క.
ఖాశింపీరా ఇప్పటికీ అడుగుతాడు, చుక్క బాగుందా సార్ అని.
బాగుంది, అంటాను.

ఈ తిరగేసే జబ్బు మా అమ్మది.
కొండపి రోడ్డులో రేకుల షెడ్డు, ముప్పై ఏళ్ళ గ్రేడింగు.
ముందు వైపు అన్ని ఆకులూ బంగారమే అబ్బయా, అనేది,
తిరగేస్తే తెలుస్తది
బ్యారన్లో మంట ఎక్కువైందో,
ఈనె పక్కన పచ్చ దాక్కోనుందో.
బొటనవేలు కింద, చూపుడువేలు పైన, ఒక్క విదిలింపు.
ఎడమ పక్క మేలు రకం. ఎదురుగా నడిమి రకం.
మిగతాదంతా కుడి పక్క.
తల ఎత్తేది కాదు.

సాయంత్రానికి చేతులకు నల్లటి జిగురు.
చింతపండు రుద్దినా బూడిద రుద్దినా
వేలిముద్రల సందుల్లో ఉండిపోయేది.
ఆ చేత్తో కలిపిన ముద్ద చేదు.
అన్నం రుచే అదనుకున్నాం మేము.

పోయినేడు ఆ షెడ్డు పడగొట్టారు.
గుమాస్తా బల్ల సొరుగు వెనక
చెదలు తినగా మిగిలిన పదిహేడో నంబరు.
ముందు ఎవరో రాజు, ఒక కన్ను చెరిగిపోయి.
వెనక, అచ్చు అక్షరాల మీద, పెన్సిలు:

రవణమ్మ 4
కోటేశ్వరి 3½
మాలకొండమ్మ 4, అర కోత.

కోత పక్కన నల్లటి బొటనవేలి గుర్తు.
సిరా కాదు. వాసన చూశాను.

మద్రాసు వ్యాపారి ఫోటో చూసి చెప్పాడు,
వెనక పాడైపోయింది, విలువ లేదు,
పెన్సిలు రబ్బరుతో పోద్ది,
ఆ మరక మాత్రం పోదు.
పోదని నాకు తెలుసు.

ఏ రోజు కోత అది? ఎందుకు?
నాకు జొరమొచ్చి ఆమె పెందలాడే ఇంటికొచ్చిన రోజు
అనుకోవడం తేలిక.
అనుకోను. కార్డు మీద అట్టా రాసి లేదు.

అమ్మ చేతిలో పెట్టాను.
రాజును చూడలేదు. తిరగేసింది.
కళ్ళకు ఆనించుకుని, వెలుగుకు తిప్పి,
నాది కాదురా ఇది, అంది.
ఈ అడ్డగీత చూడు, కత్తిపీట గాటు.
రవణమ్మ ఏలు.
నేను లేను గావాల, నా బదులు ఏసింది.

యాడికి పోయావమ్మా ఆ రోజు?

ఏమో. ఎవురికి గుర్తు.

రవణమ్మ పోయి పదకొండేళ్ళు.
కేటలాగులో నాలుగు రకాల వెనకలున్నాయి,
నా నోటుపుస్తకంలో అయిదో గడి గీసి
ఏం రాయాలో తెలీక పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
అమ్మ ఆ అట్టముక్కని ఇంకోసారి విదిలించి
చూడకుండానే
ఎడమ పక్కన పెట్టింది.