పిలవని పేరంటం

నామ్ లోల్వే సరస్సు గట్టున, ఎంబిటా దాటాక రెండు మైళ్ళు.
ఎండబెట్టిన ఒమేనా చేపల వాసన
గాలిలో మిగతా వాసనలన్నిటినీ తొక్కేస్తుంది.
నా ముక్కుకు తెలిసింది ఇంతే.

నా పని లెక్క పెట్టడం.
చదరపు మీటరు చెక్క చట్రం నేలమీద పరిచి
అందులో కయోంగో మొలకలెన్నో పుస్తకంలో రాసుకోవడం.
అపోండి చేలో మొదటి ఏడు
నూట నలభై దాటాక లెక్క తప్పాను.

చూస్తే ముద్దొచ్చే పువ్వే. వంగపూల రంగు.
కొత్తగా వచ్చిన టీచరమ్మ గుత్తి కట్టి
బల్లమీద సీసాలో పెట్టుకుంది కూడా.
కింద మాత్రం దాని వేరు
మొక్కజొన్న వేరుకు నోరంటించి తాగుతూ ఉంటుంది.

ఆ గింజ ధూళి రేణువంత.
ఏళ్ళకేళ్ళు మట్టిలో పడి ఉంటుంది.
ఒక్క వాన తట్టి లేపితే లేవదు.
మరి దేనికి లేస్తుందంటే
కేంద్రం నుంచి వచ్చిన డాక్టర్ ఒబిలో
చెప్పు కొసతో నేలమీద గీసి చూపించాడు.

ఆకలేసిన మొక్కజొన్న
వేళ్ళలోంచి ఒక మాట విడుస్తుందట, బొట్టు బొట్టుగా.
శిలీంధ్రానికి వేసే కేక అది:
భాస్వరం తెచ్చిపెట్టు, చక్కెర ఇస్తాను.
మనుషులు సంతలు పెట్టకముందటి బేరం.
నేల ఎంత బీదదైతే కేక అంత గట్టిది.
గోడలకు చెవులుంటాయంటారు గాని
అసలు చెవులు ఇక్కడున్నాయి, మట్టిలో.
కేక శిలీంధ్రానికి.
లేచి వచ్చేది కయోంగో కూడా.

అపోండి నవ్వినట్టు పెదవి తిప్పింది.
"పిల్లకు జ్వరమొచ్చిన ఏడు
నేనూ ఇలాగే నడిసంతలో కేకేశాను.
మా అక్క వచ్చింది, కొంగున ముడేసిన ఎనభై షిల్లింగులతో.
దాని వెనకాలే ఒలూచ్ వచ్చాడు, వడ్డీ చీటీతో."
అసలుకు మూడింతలు కట్టింది. చీటీ ఇంకా వాడి దగ్గరే ఉంది.

రెండో ఏడు వరసల మధ్య డెస్మోడియం నాటాం,
చేను చుట్టూ నేపియర్ గడ్డి.
రాత్రుళ్ళు గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ వచ్చే చిమ్మటకు
డెస్మోడియం వాసనతో చెబుతుంది:
ఇక్కడ ఇప్పటికే పురుగు పడింది, చోటు లేదు.
పచ్చి అబద్ధం. ఒక్క పురుగూ లేదు.
ఆ వాసన పట్టుకునే చీమంత కందిరీగలు వస్తాయి వేటకు.
గట్టున నేపియరేమో రండి రండి అంటుంది.
అక్కడ పుట్టిన పిల్లపురుగు
కాండం కొరకగానే బంకలో కూరుకుపోతుంది.
ఇక అడుగున డెస్మోడియం వేళ్ళు
కయోంగో గింజను నిద్రలేపి
దాని వేరు మొక్కజొన్నను అందుకోకముందే నోరు కట్టేస్తాయి.

"ఆదివారం అబద్ధం పాపమని విని వస్తాను,
సోమవారం వరసలు వరసలుగా నాటుతాను" అంది అపోండి.

ఒకరోజు ఎవరూ లేని వేళ చూసి
నేను బోర్లా పడుకున్నాను, మట్టికి ముక్కు ఆనించి.
ఇంత గోల జరుగుతున్న చోట
నాకొక్క మాటైనా వినపడుతుందేమోనని.
ఒమేనా. అంతే.
చొక్కా దులుపుకుని లేచాను.

మూడో ఏడు చట్రంలో ఏడు మొలకలు.
ఏడూ మళ్ళీ లెక్కపెట్టాను.
కంకులు నా ముంజేతి పొడవున దిగాయి.

ఆ మధ్యాహ్నమే ఒలూచ్ సైకిల్ దిగాడు బాటమీద.
నిలువెత్తు నేపియర్ అవతల
వాడి టోపీ ఒక్కటే కనిపిస్తోంది.
"ఎలా ఉంది చేను? ఎన్ని బస్తాలు?"

అపోండి నా వైపు చూడలేదు.
నడుము మీద చెయ్యి వేసుకుని నిట్టూర్చింది, ఎంత బాగా నిట్టూర్చిందో.
"ఏం చేను అన్నా, పురుగు పడింది.
ఇక్కడేం మిగల్లేదు."

గాలి సరస్సు వైపు నుంచి మళ్ళింది.
నేపియర్ ఆకులు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి.
టోపీ కాసేపు అక్కడే ఆగింది.

నేను లెక్కల పుస్తకం మూసి
దానిమీద కూర్చున్నాను.