విలువ: లేదు

కొడంగల్ కోర్టు నుంచి కాయితం వచ్చింది.
తొంభై నాలుగు నుంచి రెండువేల ఎనిమిది దాక
తేలిన కేసులు, తేలని కేసులు,
తేలినయో లేదో ఎవరికీ యాదిలేని కేసులు,
అన్నిటి సొత్తూ ఖాళీ చెయ్యాలె.

కోస్గి ఠాణా వెనక రేకుల అర్ర.
కిరసనాయిలు పోస్తే గాని తాళం తిరగలే.
ఎలుకలు పంచనామాలు ఎప్పుడో సదివి ముగించినయ్.
చీటీలు తిని, గొడ్డళ్ళను వదిలిపెట్టినయ్.
ఇప్పుడు ఏ గొడ్డలి ఏ అన్నదమ్ములదో
గొడ్డలికే తెల్వాలె.

సారా సీసాలు మోరీల పారబోస్తుంటే
హోంగార్డు బుచ్చిరాములు ముక్కు మూసుకోలే.
"ఇరవై ఏండ్ల సరుకు సారూ" అన్నడు, అంతే.
సైకిళ్ళు ఏడు. ఒకదాని పుల్లల నడుమ తుమ్మ మొలిచింది.
దాన్ని నరకనీకి కేసు గొడ్డలే వాడినం.
తప్పే కావచ్చు.

పగటాల్లకు పదిహేడో సంచి బయటపడ్డది.
గుర్తు తెలియని మగ శవం. తొంభై ఏడు.
వయసు ముప్పై అయిదు, సుమారుగా.
బొంబాయి బస్సు ఆగే కాడ, తెల్లారగట్ల.
లుంగీ ఒకటి. తువ్వాల ఒకటి. తాపీ ఒకటి.
విలువ: లేదు.

ఆ ఏడు మా నాయిన గూడ బొంబాయి నుంచి వచ్చిండు.
వచ్చిండు.

కాల్చే ముందర జేబులు, ముడులు చూడాలని రూలు.
తువ్వాల కొసకు ముడి.
ఇన్నేండ్లు ఎవరూ విప్పని ముడి, పండ్లతో విప్పిన.
సిగరెట్ డబ్బా అట్టముక్క మీద
అయిదంకెల ఫోన్ నంబరు.
ముందర ఏ ఊరి కోడో రాయలే.
రాసుకున్నోనికి ఊరు తెలుసు గద.

సెల్లుల అయిదంకెలు నొక్కి చూసిన.
"మీరు డయల్ చేసిన నంబరు సరిచూసుకోండి" అన్నది
ఎవరో ఆడమనిషి, మర్యాదగ.

లుంగీ తొందరగ అంటుకుంది. తువ్వాల పొగ బెట్టింది.
రిజిస్టర్ల "దహనం చేయబడినది" అని రాసి
ఎస్సై సంతకం తీసుకున్న.
అట్టముక్క సంగతి అండ్ల రాయనీకి గడి లేదు.
నా కమీజు జేబుల ఉన్నది.

ఇనుము కిలో ఇరవై ఆరు.
పాత సామాన్ల మౌలానా తాపీని త్రాసుల ఎయ్యబోయి
అంచును గోటితో గీకిండు.
ఎండిన సిమెంటు, బెత్తెడు.
"ఇది ఇనుము కాదు సారూ, తూకంల తీసేస్త" అన్నడు.

తియ్యి, అన్న.
మిగిలిన సిమెంటంతా
బొంబాయిల ఏదో ఇంటి గోడల ఉన్నది.
దాన్ని ఏ కోర్టూ ఖాళీ చెయ్యమనలే.