పదిహేడు నంబరు పానా

పుష్యమాసం చలి, పొద్దున ఆరున్నర.
సైదాబాద్‌ల మా గల్లీ మొత్తానికి
నా ఇండికా దగ్గే అలారం.
మొదటి తాళానికి కసురుతది.
రెండోదానికి ఇంత తెల్లపొగ కక్కి
పక్కింటి నీరజమ్మ రాత్రి ఆరేసిన చీరలను
ఒకసారి పలకరించి
మళ్ళ పండుకుంటది.

డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ చుట్టదీపం
ఆరేదాక ఆగాలె.
పెట్రోలు బండ్లోళ్ళకు ఈ ఆగుడు తెల్వదు.
తాళం సగం తిప్పి, ఊపిరి సగం పట్టి
లోపలెక్కడో నాలుగు సన్నకడ్డీలు
ఎర్రగ కాలుతున్నయని నమ్మి కూసునుడు.
నిరుడు అందుల రెండు మాడిపోయినా
దీపం మాత్రం పద్ధతిగా వెలిగి, పద్ధతిగా ఆరింది.
పుత్లీబౌలీ పోయి నాలుగు కొత్తవి తెచ్చిన.
దీపాన్ని నమ్మొద్దని గప్పుడే నేర్చుకున్న.

ఈసారి ఫిల్టరు కింది మర వదులు చేసి
హార్లిక్స్ సీసాల పట్టిన.
పైన డీజిలు,
అడుగున రెండేళ్ళ మందం నీళ్ళు,
చెప్పకుండ వచ్చి చప్పుడు చెయ్యకుండ కూసున్న చుట్టం లెక్క.
జలమండలిల ఇరవై రెండేళ్ళు బిల్లులు కొట్టినదాన్ని,
నా బండిలనే ఇంత నీరు మీటరెక్కకుండ పోయింది!

నీళ్ళు పారబోసి
బొటనవేలు నొప్పి పుట్టేదాక చేతిపంపు నొక్కిన.
బుడగలు పోయినయి. బండి లేచింది.
కాని వణుకుడు పోలే.
సిగ్నల్ కాడ ఆగితే
అద్దంల వెనకున్న బస్సు గూడ వణుకుతుంది.

చాదర్‌ఘాట్ వంతెన దిగినాక
రేకులషెడ్డుల జిలానీ భాయి.
ఆయనకు ఎడమచెవి ఎప్పుడో పోయింది,
కుడిది పోతున్నది.
పొడుగు స్క్రూడ్రైవర్ ఇంజను మీద ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుంటడు.
"చెవి దగా జేసింది బేటీ, హడ్డీ ఉన్నది గదా."

అట్లనే కాసేపు కండ్లు మూసుకొని,
"ఐలేష్, సత్రా నంబర్!" అన్నడు.
పోరడు పదిహేడు పానా తెచ్చిచ్చిండు.

ఉరుకుతున్న ఇంజను మీదనే
మొదటి పైపు నట్టు అరచుట్టు వదులు చేసిండు.
డీజిలు చిమ్మింది, బండి ఒక కాలు కుంటింది.
బిగించిండు.
రెండోది. మళ్ళ కుంటింది.
మూడోది.
చిమ్మింది గాని
ఇంజను ఎట్లున్నదో అట్లనే ఉన్నది.
అరచెయ్యి మూతమీద పెట్టి జూసి నవ్విండు.
"ఏది లేకున్నా బండికి ఫరకు తెలుస్తలేదో
బీమారీ గదానికే."

నా చేతిల చాయ్ సగం మీద ఆగింది.

పోయిన నెల జ్వరానికి మూడురోజులు సెలవు పెట్టిన.
నాలుగోనాడు పోతే
నా కుర్చీల ఎవరిదో హెల్మెట్ ఉండె.
ఎట్లున్నవని ఎవరూ అడగలే.
ఆ హెల్మెట్ ఎవరిదో తేలేటందుకే
మధ్యాహ్నమైంది.

"పారెయ్యాల్నా భాయి, అది?"
ఆయనకు ఇనపడలే. రెండోసారి గట్టిగ అడిగిన,
అవసరం కన్నా గట్టిగ.
"పారేసుడెందుకు? నోట్లె మసి కట్టింది, గంతే."

ఐలేష్ దాన్ని బనీన్‌గుడ్డల చుట్టుకొని
స్కూటర్ మీద రాణిగంజ్ పోయిండు.
రెండు గంటలు.
నేను ఖాళీగ కూసోలేక
బ్యాటరీ టెర్మినళ్ళ మీద పూసిన పచ్చపువ్వును
వేడినీళ్ళతోని కడిగిన, వాసెలిన్ రాసిన.
రోడ్డు మీద తుక్కుబండాయన ఆగి
తూకానికి ఇస్తవా అమ్మా అన్నడు.
నన్ను అడుగుతున్నడో బండినో
ఒక నిమిషం అర్థం కాలే.

కొత్త రాగివాషరేసి బిగించినంక
నాలుగూ పలికినయి.
పొగ పూర్తిగ పోలేదు, అబద్ధమెందుకు.
టైమింగ్ బెల్ట్ మారేదాక
దూరం పోవద్దన్నడు జిలానీ భాయి.

సబ్బు, నిమ్మచెక్క, శనగపిండి,
ఏం పెట్టి తోమినా చేతుల డీజిలు పోలేదు.
రెండున్నరకు సెక్షన్‌ల అడుగు పెట్టిన.
ఎనిమిది తలకాయలు ఒక్కసారి లేచినయి.

"ఎవరిదీ వాసన?"

"నాదే," అన్న,
హెల్మెట్ తీసి కింద పెట్టి కూసున్న.