మా

చీమకుర్తిలో రాయిని కొనేవాళ్లు
ముందు దాన్ని కొట్టి వింటారు.
ఖంగుమంటే ఓడకి, బొదబొదమంటే డంపుకి.

జపాను నుంచొచ్చిన చిజురు సుత్తి పట్టదు.
వేలి కణుపుతో తట్టి చెవి ఆనిస్తుంది,
దగ్గొచ్చిన బిడ్డ వీపుకి ఆనించినట్టు.
చుక్కల నల్లరాయి లోపల
వెంట్రుకంత పగులు ఎక్కడుందో
సుద్దముక్కతో గీత గీస్తుంది.
వెనకాల తడిగుడ్డతో నేను.

ఓ మధ్యాన్నం కరెంటు పోయి
కోత మిషన్లు నోరు మూసుకున్నప్పుడు
ఖాళీ డీజిలు పీపాను బోర్లించింది.
రెండు పారకర్రలు.
కాళ్లు ఎడంగా, మడమలు నేలలోకి,
చేతులు పైకెత్తి
ఆగింది.
ఎంతసేపంటే
టీ పోస్తున్న బుల్లోడి గ్లాసు పొర్లిపోయింది.

ధన్!

ఫోన్లో చూపించింది వాళ్లూరి తైకోని:
చెట్టు బోదెను తొలిచి
రెండు మొహాలకీ ఆవుతోలు లాగి, చుట్టూ మేకులు.
ఒకప్పుడు మగాళ్లే ముట్టేవారట.
ఇప్పుడు పద్నాలుగు మంది ఆడోళ్లు,
ఒకామె బ్యాంకులో, ఒకామె చేపల మార్కెట్లో,
మంగళవారం రాత్రి బడి హాల్లో
చెమటోడ్చి, కేకలేసి, నవ్వి.

మా నాయన ఏబేలు
వేపచట్రానికి చింతగింజల బంకతో మేకతోలు అంటించి
గడ్డిమంట మీద కాచి, గోటితో మీటి
'ఇంకా నిద్దట్లోనే ఉంది' అనేవాడు.
బాప్తిస్మం అయ్యాక జేజి దాన్ని అటకెక్కించింది.
ఊళ్లో శవం లేస్తే దిగేది.
నాకు మాత్రం ఒక్కరోజూ దిగలేదు.

'దెబ్బకీ దెబ్బకీ నడుమ అట్టా ఆగావే,
అక్కడ ఏముంది?' అని
తర్జుమా చేసే కుర్రాడితో అడిగించా.
ఒక్క అక్షరం చెప్పింది.
'మా.'
ఏమీ లేని చోటంట.
వాయించేది దాన్నేనంట,
కర్రలు ఉత్త గట్లు.

మా.
మా గ్లాసు వేరు, మా బావి వేరు,
మా బొందలగడ్డ వాగుకవతల.
ఊరికీ మాకూ నడుమ వదిలిన నేలని
మా నోటితో మేమే
ఇన్నేళ్లూ వాయిస్తున్నామా?

ఆమెకి ఇదంతా చెప్పలేదు.
కుర్రాడికి అంత జపాను రాదు.
నాకూ అంత తెలుగు రాలేదు ఆ పూట.

రాత్రి అటకెక్కా.
ఎలక కొరికిన అంచు, చల్లటి తోలు.
పొయ్యిలో రెండు కొబ్బరిమట్టలేసి
గోటితో మీటా.

ఇంకా నిద్దట్లోనే ఉంది.
ఇంకొంచెం కాచా.